కూరలో కపటము లేదట!

వేయి కల్లలాడియైనను ఒక పెండ్లి చేయవలెనని మన పెద్దలు చెప్పుదురు. పెండ్లిపందిళ్ళలో ఈ సామెతను నవ్వుచు చెప్పుకొనువారు పెక్కుమంది కలరు గాని, ఆ వేయి కల్లల బాకీ తుదకు ఎవరు తీర్చవలసివచ్చునని అడుగువారు అరుదు. వరుని జీతమును ఒక పిసరు పెంచి చెప్పుట, వధువు వయస్సును ఒక యేడు తగ్గించి చెప్పుట, తాతలనాటి యెకరములను రెట్టింపు చేసి చెప్పుట మొదలైనవి పులుసులో ఇంగువ వంటివనియు, కొంచెము పడినచో రుచియే గాని కీడు లేదనియు లోకము తలచుచున్నది.

ప్రేమకథలతో నవ్వించు చలనచిత్రములు కూడ ఈ నమ్మకము మీదనే నడచుచున్నవి. 1955లో వెలువడిన ‘మిస్సమ్మ’ను గూర్చి విననివారు మనలో కొలదిమంది మాత్రమే యుందురు. పెండ్లికాని యిరువురు ఉద్యోగముకొరకై తాము ఆలుమగలమని చెప్పి ఒక జమీందారుగారి బడిలో చేరుదురు. ఆ కల్ల ఎవరి కొంపయు ముంచదు. తుదకు అదియే నిజమగును. మనము హాయిగా నవ్వుకొని లేచి వత్తుము. ఇట్టి కథలలో అబద్ధము పండుగనాటి పగటివేషము వంటిది. ప్రొద్దు గ్రుంకునప్పటికి ముఖము కడిగికొనవచ్చును. అయితే కడిగినను పోని వేషమొకటి కలదు. దానిని చూపిన అమెరికాదేశపు చిత్రమొకటి మేము ఇటీవల చూచితిమి. పెండ్లియీడు పిల్లలున్న ఇండ్లలో దానిని గూర్చి ముచ్చటించుకొనుట మంచిదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆ చిత్రము పేరు ‘ది హార్ట్‌బ్రేక్ కిడ్’. అది 1972 డిసెంబరులో విడుదలయ్యెను. బ్రూస్ జే ఫ్రీడ్‌మన్ వ్రాసిన చిన్నకథను ఆధారముగా గొని, ప్రసిద్ధ నాటకకర్త నీల్ సైమన్ దానిని చిత్రమునకు తగినట్లు వ్రాసెను. దర్శకురాలు ఎలైన్ మే. ఆ దినములలో హాలీవుడ్‌లో దర్శకత్వము వహించు స్త్రీలను వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును. దీనికి ముందు 1971లో ఆమె తీసిన తొలి చిత్రము ‘ఎ న్యూ లీఫ్’ కూడ పెండ్లిని గూర్చినదే. ఆస్తి హరించిపోయిన ఒక పెద్దమనిషి, ధనవంతురాలగు అమాయకురాలిని పెండ్లాడి, పిమ్మట ఆమెను చంపవలెనని తలపెట్టుట అందలి కథ. ఆ అమాయకురాలి వేషమును ఎలైన్ మే తానే ధరించెను. పెండ్లిపీటల క్రింద ఏమి దాగియుండునో చూడవలెనను పట్టుదల ఆమెకు మొదటినుండియు కలదని దీనివలన తెలియుచున్నది.

ఇక ప్రస్తుత కథ. లెనీ అను యువకుడు న్యూయార్కులో క్రీడాసామగ్రి అమ్మి జీవించువాడు. చార్లెస్ గ్రోడిన్ ఆ వేషము ధరించెను. లెనీకి లైలా అను పిల్లతో పరిచయమయ్యెను. పరిచయము ముదురక మునుపే యూదుల ఆచారము చొప్పున పెండ్లియు జరిగెను. పెండ్లి కాగానే దంపతులు కారెక్కి, దక్షిణమున ఫ్లోరిడా రాష్ట్రములోని మయామీ బీచికి విహారమునకు బయలుదేరిరి. దారిపొడవునను పాటలు పాడుకొనిరి. మనమిద్దరము నలుబది యేబది యేండ్లు కలిసి బ్రతుకవలెనని లైలా మురియుచు మాటిమాటికి చెప్పుచుండును. వినగా వినగా ఆ లెక్క లెనీ చెవికి జైలుశిక్షవలె వినబడసాగెను. ఆమె పాడుట అతనికి నచ్చదు. ఆమె గ్రుడ్డుతో చేసిన పదార్థమును ముఖమునకు అంటించుకొనుచు తినుట నచ్చదు. ఇదంతయు చూచువారికి మిక్కిలి నవ్వు పుట్టించును.

మయామీ చేరిన తోడనే లైలా ఒడలు ఎండకు కాలి ఎఱ్ఱబడి, ఆమె గది విడిచి వెలుపలికి రాలేని స్థితి ఏర్పడెను. లెనీ ఒంటరిగా సముద్రతీరమున పరుండి యుండగా, అతనికిని సూర్యునికిని నడుమ ఒక పడుచు వచ్చి నిలిచి, అది తన చోటని, లెమ్మని చెప్పును. ఆమె కెల్లీ, మిన్నెసోటా రాష్ట్రమునుండి తల్లిదండ్రులతో వచ్చిన ధనవంతుల బిడ్డ. సిబిల్ షెపర్డ్ ఆ పాత్రను ధరించెను. ఇక చూడవలెను అబద్ధముల వరుస! సైన్యములోనుండిన నాటి స్నేహితుడు కనబడెనని ఒకసారి, కారునకు ప్రమాదము జరిగెనని ఒకసారి, కోర్టుకు పోవలసి వచ్చెనని ఒకసారి! ఒళ్ళంతయు లేపనము పూసుకొని మంచముమీద కూర్చుండిన భార్యకు అతడు ఊపిరి సలుపక చెప్పుచుండును. ఒక కల్లకు ఆసరాగా ఇంకొక కల్ల నిలుచును. పిల్లలు పేకముక్కలతో మేడ కట్టుచున్నప్పుడు కూలునా నిలుచునా యని మనము ఊపిరి బిగపట్టి చూచునట్లే ఇచ్చటను చూతుము. అంతియే కాదు, ఆ మేడ కూలకుండిన బాగుండునని కోరుకొందుము. దర్శకురాలి నేర్పు ఇందే యున్నది. మోసగాని తొందర మన తొందరయగును, మోసపోవునది అడ్డమగును.

మా యింట ఈ చిత్రమును మేము అయిదుగురు ఆడవారము కూర్చుండి చూచితిమి. వారిలో మా పినతల్లి కూతురొకతె కలదు. ఆమె వివాహమైన యెనిమిది నెలలకే పుట్టింటికి తిరిగివచ్చినది. లైలా గ్రుడ్డు తినునప్పుడు గదిలో అందరును పకపక నవ్విరి. మా చెల్లెలు మాత్రము నవ్వలేదు. కొంత తడవునకు, “అక్కయ్యా, ఆమె చేసిన తప్పేమి? ఆకలిగొని తినుచున్నది. అంతియే గదా!” అనెను. ఆ మాటలో కోపము లేదు, నిష్ఠురము లేదు. ఇంటిలో ఉప్పు నిండుకొన్నదని చెప్పినంత సామాన్యముగా చెప్పినది. నవ్వుట తప్పని మేమనము. నవ్వుటకే ఆ ఘట్టము తీయబడినది. అయినను ఆ మాట విన్న పిదప చూచినచో లైలా ముఖము వేరుగా కనబడసాగెను. తన్ను ఒకడు అసహ్యించుకొనుచున్నాడని ఎరుగక, నమ్మకముతో నోరారా తినుచున్న పిల్ల ముఖమది.

హాస్యము క్రింద దుఃఖము పారుట మన భాషకు క్రొత్త కాదు. 1892లో మొదట ప్రదర్శింపబడిన గురజాడవారి ‘కన్యాశుల్కము’లో గిరీశము మాటలకు నవ్వనివారు లేరు. మగపిల్లవానికి ఆడువేషము వేసి ముసలివానికి కట్టబెట్టినప్పుడు కడుపుబ్బ నవ్వుదుము. కాని ఆ నవ్వుల క్రింద అమ్ముడుపోవు పసిపిల్లల గోడు ఎడతెగక వినబడుచునేయుండును. ఈ అమెరికా చిత్రమును అట్టి జాతిలోనిదే. ప్రేమకథగా మొదలై, నడుమ ఎచ్చటనో మనకు తెలియకుండ చీకటి హాస్యముగా మారును. ఎచ్చట మారెనో మేము రెండవమారు చూచునప్పుడు శ్రద్ధగా గమనించితిమి. అది లెనీ అబద్ధమాడినప్పుడు కాదు, నిజము చెప్పినప్పుడు!

ఆ ఘట్టమిది. లెనీ ఒకనాడు కెల్లీ తల్లిదండ్రులయెదుట కూర్చుండి, తాను దాపరికము లేనివాడననియు, ఉన్నమాట ఉన్నట్లు చెప్పుటయే తన స్వభావమనియు ఉపోద్ఘాతము చేసి, తనకు ఇటీవలనే పెండ్లియైనదనియు, ఆ విహారమునకే ఈ ఊరు వచ్చితిననియు, ఇప్పుడు మీ కుమార్తెను ప్రేమించుచున్నాననియు విన్నవించును. తండ్రి రాతిబొమ్మవలె వినుచుండును. లెనీ పలికిన ప్రతి మాటయు నిజమే. అయితే ఆ నిజము ఇంతవరకు అతని భార్యకు తెలియదు! కట్టుకొన్నదానికి చెప్పవలసిన మాటను, క్రొత్తగా పిల్లను అడుగవచ్చిన యింట ముందుగా చెప్పి, దానిని తన సద్గుణముగా లెక్కకట్టుకొనుచున్నాడు. ఇచ్చట మా చెల్లెలు రెండవమారు మాటాడినది. “మా యింటను ఇట్లే జరిగినది. మనస్సు వేరొకచోట నున్నదని ఆయన పెండ్లికి మునుపే స్నేహితులందరికిని చెప్పినారట. నాకొక్కదానికే చెప్పలేదు. అడిగినప్పుడు, నేనెవరికిని దాచలేదే యనినారు” అని చెప్పి ఊరకుండెను. అంతకుమించి ఆ సంగతిని ఆమె ఎత్తలేదు, మేమును అడుగలేదు.

పిమ్మట లెనీ లైలాను ఒక భోజనశాలకు గొనిపోవును. పెకాన్ గింజలతో చేయు తీపిభక్ష్యము అచ్చట బాగుండునని ఊరించును. అది అయిపోయినదని వడ్డించువాడు చెప్పగనే, లోకములో తనకు జరిగిన అన్యాయమంతయు అదియే యన్నట్లు మండిపడి గొడవ చేయును. భక్ష్యము దొరకనందుకు అంత కోపము వచ్చినవాడు, మరుక్షణమున ఎదుట కూర్చుండిన భార్యతో మన కాపురము ముగిసినదని చెప్పును. పెండ్లియై అప్పటికి వారమైనను తిరుగలేదు. ఎండకు కమిలిన ముఖముతో ఆ పిల్ల నలుగురి నడుమ విలపించుచుండగా, ఓదార్చువాడును అతడే! ఇచ్చట నవ్వు గొంతులో నిలిచిపోవును. మా గదిలో ఎవరును మాటాడలేదు.

లెనీ తన చలికోటు సర్దుకొని, మంచు కురియు మిన్నెసోటాకు కెల్లీని వెదకికొనుచు పోవును. మెల్లగా ఆమె యింటిలో భోజనమునకు పిలువబడును. మన గృహిణులు తప్పక చూడవలసిన ఘట్టమిదే. బల్లమీద గొడ్డుమాంసము, ఉర్లగడ్డలు, కాలీఫ్లవరు వడ్డింపబడియున్నవి. లెనీ వానిని చూచి పరవశుడై, ఇది నిజాయితీ గల భోజనమనియు, ఈ మాంసములో అబద్ధము లేదనియు, ఈ దుంపలలో కల్లాకపటము లేదనియు, ఈ కాలీఫ్లవరులో మోసము లేదనియు గంభీరముగా ఉపన్యసించును. కూరగాయలకు కూడ యోగ్యతాపత్రము ఇచ్చిన సత్యసంధుడు హరిశ్చంద్రుని పిదప ఇతడే కాబోలును! బల్లచుట్టు కూర్చుండినవారిలో మోసము గలది ఎవరియందో చూచువారికందరికి తెలియును. కూరలో లేదు నిజమే. కూరను పొగడు నాలుకయందున్నది.

ఆ మాటలకు లోబడనివాడు కెల్లీ తండ్రి యొక్కడే. ఎడ్డీ ఆల్బర్ట్ ఈ పాత్రను ధరించెను. అతడు లెనీని ప్రక్కకు పిలిచి, ఇరువదియైదువేల డాలర్లిచ్చెదను, మా యమ్మాయిని విడిచిపొమ్మనును. లెనీ వలదనును. ధనమును కాదనుటను తన ప్రేమకు సాక్ష్యముగా నిలుపుకొనును. ఈ తండ్రి కూడ నిర్మలుడని మేమనము. లెనీపై అతని ద్వేషములో ధనగర్వము కలదు. కాని వచ్చినవాడెట్టివాడో అతడు కనిపెట్టెను, కనిపెట్టియు ఆపలేకపోయెను. ఆడపిల్ల తండ్రి కన్నులు తెరచియుండినను మాటకారితనమునకు ఓడిపోవుట ఇచ్చటను కద్దు, అచ్చటను కద్దు.

చివరకు లెనీకి కోరినది చేకూరెను. ఈమారు పెండ్లి చర్చిలో, శిలువక్రింద జరిగెను. మొదటి పెండ్లి యూదుల మతాచారముతో. రెండవ పెండ్లి క్రైస్తవ దేవాలయములో. రెండుచోట్లను ప్రమాణము చేసినది ఆ నోరే. విందులో లెనీ అతిథులతో పెద్దపెద్ద మాటలు చెప్పబోవును. వారు ఒక్కొక్కరే తప్పుకొందురు. తుదకు ఒక సోఫామీద కూర్చుండి చిన్నపిల్లలతో తన గొప్పలు చెప్పుకొనును. వారును లేచిపోవుదురు. అప్పుడతడు ఒంటరిగా కూర్చుండి సన్నగా కూనిరాగము తీయును. అది మొదటి పెండ్లియైన పిదప లైలాతో కారులో పాడుకొనిన పాటలలో ఒకటి! చిత్రమచ్చట ముగియును. శిక్ష లేదు, పశ్చాత్తాపము లేదు, నీతివాక్యము లేదు. కోరినదెల్ల దక్కినవాని ముఖములో ఏమియు లేకపోవుటయే మనకు కనబడును. కెల్లీకి రాబోవు దినములెట్టివో ఆ ముఖమే చెప్పుచున్నది.

లైలా వేషము ధరించినది జీనీ బెర్లిన్. ఆమె దర్శకురాలగు ఎలైన్ మేకు స్వంత కుమార్తె. లోకము నవ్వవలసిన పాత్రను తల్లి తన బిడ్డచేతనే వేయించెను. అందువలననే కాబోలును, ఆ పాత్ర ఎంత నవ్వించినను తేలికయై పోలేదు. 1973లో జరిగిన ఆస్కారు బహుమతుల సభకు సహాయపాత్రల తరగతులలో జీనీ బెర్లిన్, ఎడ్డీ ఆల్బర్ట్ ఇరువురి పేర్లును ఎంపికలో నిలిచెను; బహుమతి మాత్రము ఎవరికిని రాలేదు. 2007లో ఫారెల్లీ సోదరులు ఈ కథనే మరల తీసిరి. బెన్ స్టిల్లర్ అందు నాయకుడు. అందులో మొదటి భార్యను భరింపరానిదానిగా, లేనిపోని దుర్గుణములు గలదానిగా మార్చిరి. దానివలన చూచువారికి సుఖము కలిగెను; ఇట్టిదానిని విడిచిన తప్పేమి యనుకొనవచ్చును. మొదటి చిత్రము మనకు ఆ సుఖము నీయలేదు. లైలా చేసిన నేరమేదియు లేదు. ఆమె భర్తను నమ్మెను. నలుబది యేబది యేండ్లని లెక్కపెట్టుకొనెను. ఒకనిచేత విడువబడిన స్త్రీయందు ఏదో లోపముండియుండునని వెదకు లోకమునకు, రెండు చిత్రములలో రెండవది హితవుగా నుండుట వింత కాదు.

సోదరీమణులారా! మనవైపు పెండ్లిమాటలలో ఈ చిత్రము నేర్పునదేమని మీరడుగవచ్చును. అబద్ధమాడువానిని పట్టుట అంత కష్టము కాదు. జీతము, చదువు, ఆస్తి విచారింపవచ్చును. సముద్రములకావలనున్న సంబంధములలో ఇట్టి విచారణ కష్టమై, విడువబడిన వధువుల మొర హెచ్చగుటచేతనే 2009లో భారత ప్రభుత్వము ప్రవాస భారతీయుల వివాహములలోని తగవులను చూచుటకు జాతీయ మహిళా కమిషనును సమన్వయ సంస్థగా నియమించెను. కష్టమంతయు నిజాయితీని వేషముగా ధరించినవానితోనే. నేను ముక్కుసూటివాడను, మనసులో నేమియు దాచను అని మొదటి పరిచయములోనే చెప్పువాని మాటలు వినసొంపుగా నుండును. మన పెద్దలు కూడ కుర్రవాడు నిష్కపటి యని మురిసిపోవుదురు. అట్టిచోట అడిగి చూడవలసినవి రెండు సంగతులు కలవు. అతడు ఆ నిజమును ముందుగా ఎవరికి చెప్పుచున్నాడు? ఆ నిజమువలన నష్టపోవువారికి చెప్పుచున్నాడా, లేక దానివలన తనకు మంచిపేరు వచ్చుచోట చెప్పుచున్నాడా? లైలాకు చెప్పవలసినది కెల్లీ తండ్రికి చెప్పినవాడు ఒక్క అబద్ధమైనను ఆడకయే మోసము చేసెను.

ఇంకొక మాట. పెండ్లియై తిరిగివచ్చిన పిల్ల ఇంటిలో నున్నప్పుడు, ఆమె యేమి చేసెనని ఇరుగుపొరుగువారు తప్పక అడుగుదురు. వంట రాదా, మాట పెళుసా, రూపము చాలదా అని కారణములు వెదకుదురు. లైలాలో కూడ అట్టి కారణములు లెనీకి కావలసినన్ని దొరికెను: పాట బాగుండలేదు, తిండి బాగుండలేదు, ఒళ్ళు కాలినది. కాని అవి అతడు విడుచుటకు కారణములు కావు. విడువదలచిన పిదప ఏరుకొన్న సాకులు. ఈ భేదమును ఇంటి ఆడవారము గట్టిగా పట్టుకొనినచో, ఆ పిల్ల తలయెత్తుకొని మనతో కూర్చుండి అన్నము తినగలదు. వేయి కల్లల సామెతను మన పిల్లల పెండ్లిండ్లలో చెప్పుకొనునప్పుడు, ఆ వేయింటిలో ఎన్నింటి బాకీ మన పిల్ల మీద పడునో ఒక్కమారు లెక్కచూచుకొని మరీ నవ్వుదము.